వేరుసెనగలోని విషము

రాయలసీమకు వేరుసెనగ యొక పైరు మాత్రము కాదు. అది యా సీమకు జీవనాధారము. అనంతపురము మొదలగు మెట్టప్రాంతములలో ఏటికి సుమారు 55 సెంటీమీటర్ల వానయైనను నమ్మకముగా కురియని ఎఱ్ఱనేలలయందు రైతు జూన్, జూలై మాసములలో విత్తి, అక్టోబరు, నవంబరు మాసములలో కాయ పెఱికి, దానితోనే అప్పు దీర్చి, బిడ్డ పెండ్లి చేసి, మరల విత్తనము కొనుచున్నాడు. కాయకు ధర తగ్గినపుడు పత్రికలు వ్రాయును, ప్రజాప్రతినిధులు మాటాడుదురు. అది తగినదే. కాని ఆ కాయలో కంటికి కానరాక, నాలుకకు తెలియక, వండినను నశింపక పేరుకొను విషమునుగూర్చి మాటాడువారు అరుదు. నేడు మేము దానినిగూర్చియే వ్రాయదలచితిమి.

1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చినవి. శోధింపగా వాని దాణాలో కలిపిన వేరుసెనగపిండి బూజుపట్టినదని తేలినది. ఆ బూజునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది పుట్టించు విషమునకు ఆ పేరునుండియే అఫ్లటాక్సిన్ అను నామము కల్పింపబడినది. ఇది కోళ్ల సంగతి యని ఉపేక్షింపరాదు. 1974లో రాజస్థానమునందలి బాన్స్‌వారా జిల్లాలోను, గుజరాతునందలి పంచమహలు జిల్లాలోను అకాలవర్షములకు తడిసిన మొక్కజొన్నలను పేదలు వేఱు గతిలేక తినిరి. కడుపులు ఉబ్బి, కామెర్లు కమ్మి 397 మంది వ్యాధిగ్రస్తులైరి. అందు 106 మంది మరణించిరి. ఆ యిండ్లలోని కుక్కలు సైతము అదే వ్యాధితో చచ్చినవి. దీని కారణమును కనుగొని లోకమునకు తెలిపినవారు మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారే. 2004లో కెన్యాదేశమున ఇట్టి మొక్కజొన్నలే 125 మందిని బలిగొన్నవి.

ఇట్లు ఒక్కుమ్మడి చంపుట అరుదు. కొంచెము కొంచెముగా చంపుటయే దీని స్వభావము. మానవులకు నిశ్చయముగా పుట్టకురుపు కలిగించు పదార్థములలో దీనిని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనశాఖ చేర్చియున్నది. దీని దెబ్బ కాలేయముపైననే. హెపటైటిస్ బీ సోకినవారికి దీనివలని అపాయము మఱింత హెచ్చు. మన చట్టము తినుటకు సిద్ధమైన పప్పులో కిలోకు 10 మైక్రోగ్రాములు, ఇంకను శుద్ధిచేయవలసిన పప్పులో 15 మైక్రోగ్రాములు మించరాదని శాసించినది. గ్రామును పదిలక్షల పాళ్లు చేసి అందొక పాలు తీసినచో అది మైక్రోగ్రాము. మిక్కిలి చెడిన గింజ యొక్కటి వేలకొలది మంచి గింజల రాశిని ఈ హద్దు దాటింపగలదు.

ఈ బూజు ఎక్కడనుండియో వచ్చునది కాదు. అది మన నేలలోనే యున్నది. కాయ ఊరు చివరి వారములలో వాన ముఖముచాటు చేసి, నేల వేడెక్కి, పైరు వాడినపుడు అది కాయలో దూరును. చెదలు, పురుగులు తొలిచిన కాయ దానికి తెఱచిన వాకిలి. పెఱికిన పిదప తుపాను వానలో తడిసిన కుప్పలు, ఆఱకమునుపే సంచుల కెత్తిన కాయలు, నేలపైననే పేర్చిన మూటలు దానికి పెంపుడిండ్లు. గింజ విరుగకుండుటకును, తూకము తగ్గకుండుటకును కాయలపై నీళ్లు చల్లి వొలుచు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఇది చేతులార విషమును సాగుచేయుటయే.

నివారణోపాయములు మన రైతునకు అందనివి కావు. పూతకాలమున ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసినచో కాయతొడుగు గట్టిపడును. చివరి బెట్టకాలమున ఒక తడి యీయగలిగిన చోట ఈయవలయును. ముదిరిన వెంటనే పెఱుకవలయును; ముందుగాను రాదు, ఆలస్యముగాను రాదు. చెట్లను తలక్రిందులుగా పేర్చి కాయలకు ఎండ తగులనీయవలయును. ఎండి చచ్చిన చెట్ల కాయలను, పగిలిన కాయలను మంచివానితో కలుపరాదు. తేమ నూటికి 8 పాళ్లకు తగ్గువఱకు ఆఱబెట్టవలయును. చెవిదగ్గఱ ఆడించినపుడు గింజ గలగలలాడుట రైతు లెఱిగిన గుర్తు. మూటలను బల్లలపై నిలిపి గాలి యాడనీయవలయును. ముడుతలుపడిన గింజలను, రంగుమారిన గింజలను చేతితో ఏరివేసినచో విషములో పెద్దపాలు తొలగిపోవును.

ఇంత సులభమైన పని యేల జరుగుటలేదు? రైతు అజ్ఞానియని పట్టణవాసులు తేలికగా చెప్పుదురు. మేము అట్లు తలంపము. మన మార్కెట్టు యార్డులలో ధర నిర్ణయించునవి తూకము, పప్పుపాలు, వర్తకుని కంటిచూపు, విషపరీక్ష కాదు. పది దినములు కాయను ఆఱబెట్టి, కూలి యిచ్చి చెడ్డ గింజ నేరించిన రైతు సరుకు తూకమున తగ్గును. అతనికి అదనముగా ఒక్క రూపాయి రాదు. తడికాయను తెచ్చినవానికి నీటికి గూడ ధర ముట్టును. శుభ్రత నష్టమై, అశుభ్రత లాభమైన సంతలో నీతిబోధ యెంతకాలము నిలుచును? దోషము రైతు చేతిలో లేదు, త్రాసులో నున్నది.

మఱి యొక సంగతి మన ఆత్మగౌరవమునకు సంబంధించినది. యూరపునకు పోవు వేరుసెనగలను ప్రయోగశాలలో పరీక్షించి ధ్రువపత్ర మిచ్చిన పిదపనే ఓడ నెక్కింతురు. నేరుగా తినుపప్పులో కిలోకు 4 మైక్రోగ్రాములు మించిన అచటివారు అంగీకరింపరు. అది వారి ప్రజలయెడ వారికి గల శ్రద్ధ. మనకు పరీక్ష తెలియదా? యంత్రములు లేవా? పఠాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థవారు తక్కువ ఖర్చుతో ఈ విషమును కనిపెట్టు పద్ధతులను సిద్ధపఱచియే యున్నారు. పరదేశి నోటికి పోవు గింజకు పరీక్ష, మన బిడ్డ నోటికి పోవు గింజకు కంటిచూపు! ఆంధ్రప్రదేశమున 2020లో బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు వేరుసెనగ చిక్కిని చేర్చిరి. బలహీనులగు బిడ్డలకు అది మంచి ఆహారమే. అందుచేతనే ఆ పప్పు ఎగుమతి పప్పునకు తీసిపోరాదని మేము కోరుచున్నాము.

చెడ్డ గింజ నూనెగానుగకు పోయిన పీడ వదలెనని కొందఱందురు. వదలదు. విషములో హెచ్చుపాలు చెక్కలో నిలుచును. ఆ చెక్కను పాడిపశువు తినును. విషము రూపుమారి పాలలో దిగును. 2018లో ఆహారభద్రతా ప్రమాణసంస్థవారు దేశమంతట పరీక్షించిన 6,432 పాలనమూనాలలో 368 యందు ఈ విషము హద్దు మీరియుండెను. కావున పశువునకు వేసితిమి గదా యని నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

మా కోరికలు నాలుగు. ప్రతి పెద్ద మార్కెట్టు యార్డునందును తేమకొలుచు యంత్రమును, సిమెంటు కల్లమును, వాననుండి కాపాడు టార్పాలినులను అందుబాటులో నుంచవలయును. సరుకును అచటనే పరీక్షించి, శుభ్రమైన కాయకు హెచ్చుధర నిర్ణయించి, ఆ హెచ్చు రైతునకే ముట్టునట్లు చేయవలయును. బడులకును, అంగన్‌వాడీలకును కొను పప్పును పరీక్షింపకుండ కొనరాదు. ప్రభుత్వము తాను కొను సరుకుతో ప్రారంభించినచో వర్తకులు తప్పక అనుసరింతురు. ఏరివేసిన గింజలను తినుబండారములకు గాని, వాని చెక్కను పశువుల దాణాకు గాని అమ్మకుండ కట్టడి చేయవలయును. ఆ చెక్క చేలకు ఎరువగును.

పట్టణములందలి పాఠకులకును కర్తవ్యము కలదు. చౌకయని ముక్కపప్పును, రంగుమారిన పప్పును కొనుట మానుడు. ముడుతలుపడిన గింజను ఏరి పాఱవేయుడు. పఠనమందిరమున ఈ పుటను చదివినవారు తమ యూరి యార్డు అధికారులను ఈ యేటి పంట వచ్చులోపలనే అడుగుడు: తేమకొలుచు యంత్ర మున్నదా, పరీక్ష జరుగుచున్నదా, ఆఱబెట్టిన రైతునకు అదనమేమి యిచ్చుచున్నారు? అడుగువారు లేనందుననే ఇంతకాలము త్రాసు నీటికి ధర కట్టుచున్నది. శుభ్రమైన గింజకు న్యాయమైన ధర కట్టిననాడు రైతు మన ఉపన్యాసముల కెదురుచూడడు. తానే కాయను ఎండబెట్టును.