తొట్టిలో పెళ్ళిచూపులు

2023 వేసవిలో నెదర్లాండ్స్‌లో ఉన్న మా మేనల్లుడింటికి వెళ్ళాను. పెట్టె దించీ దించకముందే "అత్తయ్యా, మా పిల్లల్ని చూద్దువుగాని రా!" అన్నాడు. నాకు తెలియకుండా ఈ పిల్లలెప్పుడు పుట్టారా అని హడలిపోతూ వెళ్ళానా... హాల్లో గాజుతొట్టి! అందులో నారింజ తొనల్లాంటివి నడుస్తున్నాయి.

రొయ్యకి ముందు రెండు పట్టకార్లు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. మరుగుజ్జు క్రేఫిష్ అంటారట. ఎంత పెరిగినా 4 సెంటీమీటర్లు. బతికేది ఏడాదిన్నరో, రెండేళ్ళో. వీటి పుట్టిల్లు మెక్సికోలోని పాట్స్‌క్వారో సరస్సు. అక్కడ వీటి అసలు రంగు మట్టిరంగు. శత్రువు కంటపడకుండా దేవుడు కట్టబెట్టిన చీర అది. ఈ నారింజరంగు మాత్రం అక్వేరియంలవాళ్ళు ఏరి ఏరి జతకట్టించి నిలబెట్టినది.

చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. తల్లి తోక కింద 20 నుంచి 50 దాకా గుడ్లు అంటించుకుని మూడు నాలుగు వారాలు మోస్తుంది. వాటికి గాలాడాలని అస్తమానం విసురుతూనే ఉంటుంది. పుట్టిన పిల్లలు బియ్యపు నూకంత ఉన్నా, అచ్చం తల్లి పోలికే. పెంకు విడిచినప్పుడు ఒళ్ళు మెత్తబడుతుంది కనుక ఏ రాతి చాటునో దాక్కుని, విడిచిన పెంకునే తిని పోయిన సున్నం తిరిగి తెచ్చుకుంటుంది. ఏ అమ్మమ్మ నేర్పిందో ఈ పథ్యం!

మర్నాడు పొద్దున్న చూద్దును కదా, మావాడు చిన్న వల పట్టుకుని పిల్లల్ని ఏరుతున్నాడు. రంగు మాసినవన్నీ వేరే గిన్నెలోకి.

"ఇవేం చేస్తావురా?"

"పెద్ద చేపలకి వేసేస్తానత్తయ్యా. ఉంచితే వచ్చే తరం రంగు దిగిపోతుంది. కొనేవాళ్ళు ముక్కు విరుస్తారు."

నాకు ఒళ్ళు మండింది. వీడి చెల్లెలు ఎం.ఏ. చదివిన పిల్ల. "అమ్మాయి రంగు తక్కువ" అని నాలుగు సంబంధాలు వెనక్కి పోయాయి. నాలుగోసారి ఆ పిల్ల కాఫీ కప్పుల ట్రే వంటింట్లో పెట్టి, కుళాయి తిప్పి, ఎంతసేపు ముఖం కడుక్కుందో నేను చూశాను. "వాళ్ళు మనుషులేనా!" అని ఆనాడు పళ్ళు కొరికినవాడు వీడే!

రొయ్యకీ ఆడపిల్లకీ పోలికేమిటని మీరనొచ్చు. వాడూ అన్నాడు. "రైతు విత్తనం ఏరడా అత్తయ్యా?" అని ఎదురు ప్రశ్న కూడా వేశాడు. ఏరతాడు నాయనా. దిగుబడి కోసం, తెగులు తట్టుకోవడం కోసం, పదిమంది కడుపు నిండటం కోసం ఏరతాడు. నీ నారింజరంగు ఎవరి కడుపు నింపుతుంది? పోనీ, ఆ ప్రాణికైనా ఒరిగిందేమిటి? సరస్సులో వదిలితే ముందు కొంగ కంట పడేది అదే!

పైగా ఈ మోజు రంగుతో ఆగదు. కళ్ళ కింద నీటిసంచులు వేలాడే గోల్డ్‌ఫిష్‌నీ, వెన్ను వంకరపోయి పొట్ట ఉబ్బిన బెలూన్ మోలీనీ తయారుచేసింది ఈ ముచ్చటే కదా!

తొట్లో ప్రాణుల్ని పెంచడమే పాపమని నేననను. అదే పాట్స్‌క్వారో ఊళ్ళో ఒక మఠంలో క్రైస్తవ సన్యాసినులు అచోకే అనే సాలమాండర్లని పెంచుతారు. మొదట్లో వాటితో దగ్గుమందు కాచేవారు. ఆ సరస్సులో తప్ప లోకంలో మరెక్కడా లేని ఆ ప్రాణి, నీళ్ళు పాడై అంతరించే దశకి వచ్చింది. ఇవాళ ఆ మఠం తొట్లే దానికి పెద్ద ఆసరా. వాళ్ళూ జతకట్టిస్తారు, కాని జాతి నిలవడం కోసం. అవీ తొట్లే, ఇవీ తొట్లే. తేడా అంతా పెంచేవాళ్ళ చూపులో ఉంది.

గిన్నెలోవి కాలవలో వదిలెయ్యమందామంటే అదీ తప్పే. పరాయి జాతి క్రేఫిష్‌లు ఇప్పటికే ఆ దేశపు కాలవగట్లు తొలిచేస్తున్నాయి. అందుకని పట్టుబట్టి వాటికో వేరే తొట్టి పెట్టించాను. వాడు మారాడని చెప్పను. మొన్న ఫోన్ చేసి, "అత్తయ్యా, నీ మట్టిరంగు కోడళ్ళకి పిల్లలు పుట్టాయి!" అన్నాడు.

"సంతోషం. నారింజవెన్నో మాత్రం లెక్కపెట్టకు" అన్నాను.