అడవి అంచున గడ్డి కోసేదెవరు?

శివరాత్రి దాటిందంటే నల్లమల ఆకు రాలుస్తుంది. నడుమెత్తు బోదగడ్డి ఎండి గలగలలాడుతుంది. ఆత్మకూరు, వెలుగోడు, మహానంది, రుద్రవరం ప్రాంతాల్లోని అడవి అంచు గ్రామాలవారికి రాత్రిపూట కొండమీద ఎర్రటి మంటల గీత కొత్త కాదు. "మళ్లీ అంటుకుంది" అనుకుని పడుకుంటారు. గాలి ఊరివైపు తిరిగితే ఏమిటన్న ఆలోచన మాత్రం తక్కువ.

అడవిలో మంటలు చాలావరకు మనుషులు పెట్టినవే. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టుకింద ఆకు తగలబెట్టేవారున్నారు. కొత్త చిగురు కోసం గడ్డికి నిప్పుపెట్టే పశువుల కాపరులున్నారు. ఆర్పకుండా పారేసిన బీడీముక్క చాలు. రిజర్వు అడవిలో నిప్పుపెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. చట్టం ఉంది, నిప్పూ ఉంది.

అటవీశాఖ అడవి లోపల ఏటా ఫైర్‌లైన్లు చెక్కిస్తుంది. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల జాడ తెలుపుతోంది. ఇవన్నీ అడవికోసం. అడవికీ ఊరికీ మధ్యనున్న పోరంబోకు సంగతేమిటి? అక్కడ బోద, సర్కారుతుమ్మ, ముళ్లకంప కలిసి పెరిగి నేరుగా దొడ్డిదాకా వస్తాయి. దొడ్డిలో గడ్డివామి, దాని పక్కనే బోద కొట్టం. నిప్పుకు ఇంతకన్నా మంచి బాట ఎవరు వేస్తారు? ఆ నేల తమది కాదని అటవీశాఖ అంటుంది, డబ్బు లేదని పంచాయతీ అంటుంది.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఇళ్ల వరుస చుట్టూ కనీసం 30 అడుగుల మేర ఎండుగడ్డి కోసి, కంప కొట్టి, నేలను తాకే కొమ్మలు నరకాలి. పెద్దచెట్లను ముట్టుకోనక్కరలేదు. ఆ సాకుతో వేపా చింతా కొట్టి కట్టెలమ్ముకునేవారిని ఆపాలి కూడా. కోసిన బోద కొట్టాల కప్పుకు పనికివస్తుంది. మిగిలిన చెత్తను ఎరువుగుంతలో వేయాలేగాని గాలిలో తగలబెట్టరాదు. వామిని కొట్టానికి దూరంగా వేసుకోవడం రైతు చేతిలోని పని.

2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వైమానికదళ హెలికాప్టర్లు వచ్చాయి. మన కొట్టాలకు అవి రావు. టౌను నుంచి ఫైరింజను వచ్చేసరికి బూడిదే మిగులుతుంది.

సంక్రాంతి వెళ్లగానే పంచాయతీలు ఈ పనిని కూలికి ఇప్పించాలి. హద్దు ఎవరిదన్న తగాదాను తహశీల్దారు, అటవీ రేంజరు కలిసి ఆలోపే తేల్చాలి.