బయానా ఇచ్చాక కళ్లు మూసుకుపోతాయి



వారానికి కనీసం ఇద్దరు నాకు ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. మొన్న ఆదివారం చేసిన తమ్ముడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అన్నా, రెండెకరాలు చూస్తున్నా. రెండు నెలల్లో పర్మాకల్చర్ కోర్సు ఉంది, డబ్బు కట్టేశా. ఆలోపే భూమి రిజిస్ట్రేషన్ అయిపోతే, నేర్చుకున్నది వెంటనే పొలంలో పెట్టేయొచ్చు కదా?" అన్నాడు. ఐదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు, రాస్తాలే అన్నా. ఇదిగో రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. భూమి వెతకడం ఆపొద్దు. కోర్సు మానొద్దు. కానీ కోర్సు అయ్యేదాకా ఎవరి చేతిలోనూ ఒక్క రూపాయి బయానా పెట్టొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను తిరగేసి చేశాను కాబట్టి.

నేను నా మూడెకరాలు చూసింది జనవరిలో. పక్క చేలో జొన్న కంకి మీద ఉంది. చల్లటి గాలి. కారు మట్టి బాట మీద నేరుగా గట్టు దాకా పోయింది. కింది మూలలో మట్టి నల్లగా, మెత్తగా ఉంటే చేతిలోకి తీసుకుని మురిసిపోయా. అదే రోజు బయానా ఇచ్చా. మార్చిలో రిజిస్ట్రేషన్. ఎండాకాలంలో ఆ మెత్తటి మూలలోనే షెడ్డు వేసి, దాని చుట్టూ 60 మామిడి అంట్లకు గుంతలు తీయించా. జూన్‌లో నాటా.

జులైలో మూడు రోజులు ముసురు పట్టింది. పైనున్న పదెకరాల నీళ్లు నా చేను మీదుగా దిగి ఆ మూలలోనే చేరాయి. వారం దాకా కదల్లేదు. షెడ్డులో బస్తాలు తడిసి ముద్దయ్యాయి. కారు పోయిన బాటలో ట్రాక్టర్ దిగబడింది. దసరా వచ్చేసరికి 60 అంట్లలో 43 చచ్చిపోయాయి. పక్క చేను అవ్వ వచ్చి చూసి ఒక్కటే మాట అంది. "ఆడ నీళ్లు నిలుస్తయని ఊరందరికీ ఎరికే బిడ్డా. నువ్వు అడగలే గదా!"

నిజమే, అడగలేదు. బ్రోకర్ని అడిగా, అమ్మేవాళ్లని అడిగా. ఆ చేను పక్కన నలభై ఏళ్లు కలుపు తీసిన మనిషిని అడగలేదు.

కోర్సు చేసింది ఆ తర్వాత మూడేళ్లకు. రెండో రోజు బోర్డు మీద వాలు, నీటి దారి గీసి చూపిస్తుంటే, గీసింది నా పొలమే అనిపించింది. అప్పుడు తెలిసింది, నా భూమి చెడ్డది కాదు. ఆ మూలలో కుంట తవ్వి షెడ్డు ఎత్తు మీద వేసి ఉంటే, ఎగువ నుంచి వచ్చే ఆ నీళ్లే నాకు ఆస్తి. ఇప్పుడు అక్కడ కుంటే ఉంది. కానీ షెడ్డు పీకి మళ్లీ వేయడానికీ, పోయిన మొక్కలకీ, పోయిన మూడేళ్లకీ అయిన ఖర్చు లెక్కేస్తే కోర్సు ఫీజు దాని ముందు ఎందుకూ పనికిరాదు.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి పోతా. పర్మాకల్చర్ అనే మాటను 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు తయారు చేశారు. వాళ్ల మొదటి పుస్తకం 1978లో వచ్చింది. పొలాన్ని ఒక ఇల్లులా, అడవిలా కలిపి ఆలోచించి, నీళ్లు, చెట్లు, పశువులు, మనిషి నడక అన్నీ ఒకదానికొకటి పనికొచ్చేలా అమర్చుకోవడం దాని సారం. డిజైన్ కోర్సు అంటే ప్రపంచమంతా 72 గంటల పాఠం. సాధారణంగా పది పన్నెండు రోజులు, రెండు వారాలు పడుతుంది.

ఇది మనకు నిన్న మొన్న వచ్చింది కూడా కాదు. 1987లో మాలిసన్ మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ తొలి రోజుల్లోనే పర్మాకల్చర్ పొలం మొదలుపెట్టింది. ఆ దారిలో నడిచిన కొప్పుల నర్సన్న, పద్మ గార్లు 'అరణ్య' సంస్థ పెట్టి, ఆ పక్కనే బిడకన్నెలో పొలాన్ని పెంచారు. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సభలు మన దగ్గర జరిగితే దేశదేశాల వాళ్లు ఆ పొలం చూసి పోయారు. అదే ప్రాంతంలో మన ఆడవాళ్లు ఒకే చేలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుములు కలిపి వేసి, బోరు లేకుండా ఇల్లు గడుపుతున్నారు. వాళ్లు సర్టిఫికెట్ తీసుకోలేదు గాని, కోర్సుకు పోయేముందు ఒక్కరోజు అలాంటి చేను గట్టు మీద కూర్చుని రండి. కోర్సులో చెప్పే సగం మాటలు అప్పుడు తొందరగా ఎక్కుతాయి.

ఇక తయారీ సంగతి. 72 గంటల్లో ఎవరూ మీకు చూపు ఇవ్వలేరు. చూడటం ఎలాగో చెప్తారు, అంతే. అలవాటు ముందు నుంచే ఉండాలి. భూమి వెతికే ఈ నెలలే దానికి సరైన సమయం. మీరు కొనని భూములే మీకు బడి. నేనైతే ఇలా చేయమంటా.

మొదటిది నీటి లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక్క పూట 50 మిల్లీమీటర్ల వాన కొడితే ఎకరం మీద 2 లక్షల లీటర్లు పడ్డట్టు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 40! ఇది అర్థమైనవాడు భూమి చూడ్డానికి పోయి "బోరులో ఎన్ని ఇంచుల నీళ్లు?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోడు. పడ్డ వాన ఎటు పోతోంది, పైనుంచి ఏం వస్తోంది అని కూడా అడుగుతాడు.

రెండోది వాలు. రెండు పొడుగు కర్రలు, ఒక అడ్డ కర్ర, ఒక దారం, ఒక రాయి. ఇంతే, ఏ ఫ్రేమ్ తయారు. ఇంటి దగ్గర ఖాళీ స్థలంలోనో, బడి మైదానంలోనో సమమట్టపు గీత గీసి చూడండి. చదునుగా ఉందనుకున్న మైదానం ఎంత వంకరగా ఉందో చూసి ఆశ్చర్యపోతారు. కందకం ఎక్కడ తవ్వాలో చెప్పేది ఆ గీతే.

మూడోది మట్టి. చూసిన ప్రతి పొలం నుంచీ పిడికెడు మట్టి తెచ్చుకోండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా గిలకొట్టి పెట్టండి. ముందు ఇసుక దిగుతుంది, తర్వాత ఒండ్రు, రోజు గడిచాక బంక. పొరలు కొలిస్తే ఏది ఎంత ఉందో తెలుస్తుంది. పది సీసాలు వరసగా పెట్టి చూస్తే ఎర్ర చల్కకీ, రేగడికీ తేడా పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

నాలుగోది కలుపు. కనీసం ఇరవై రకాల పేర్లు నేర్చుకోండి. తుంగ గుంపుగా ఉంటే అక్కడ తేమ నిలుస్తుందేమో అని అనుమానించాలి. మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే చౌడు సంగతి అడగాలి. నా కింది మూలలో ఎండిన తుంగ జనవరిలోనే ఉంది. గడ్డి అనుకుని దాటిపోయా.

ఐదోది కాలం. నచ్చిన భూమిని మే నెల మిట్టమధ్యాహ్నం ఒకసారి, జోరు వానలో ఒకసారి చూడందే మాట ఇవ్వొద్దు. మే ఎండలో నీడ ఎక్కడుందో, ఏ చెట్టు తట్టుకుందో, ఎవరి బావిలో నీళ్లున్నాయో తెలుస్తుంది. వానలో బాట సంగతి తెలుస్తుంది. జనవరిలో పచ్చగా పడుకున్న చెరువు శిఖం భూమి ఆగస్టులో చెరువై కూర్చుంటుంది.

కాగితాల గురించి కోర్సులో పెద్దగా చెప్పరు, కాబట్టి నేను చెప్తా. తెలంగాణలో లావణి పట్టా భూమిని "చవగ్గా వస్తుంది, నోటరీ మీద రాసుకుందాం" అంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. 1977 చట్టం పేదలకిచ్చిన ఆ భూముల అమ్మకాన్ని అడ్డుకుంటుంది. ఏజెన్సీ ప్రాంతంలో 1/70 ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు, 22ఏ నిషేధిత జాబితా, ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఒక మంచి లాయరుతో చూపించుకోండి. ముఖ్యంగా, బాట నక్షలో ఉందా లేక పక్కవాడి దయ మీద ఉందా అని అడగండి. నీళ్లు లేకపోతే వాననైనా పట్టుకోవచ్చు. బాట లేకపోతే ఎంత గొప్ప డిజైనైనా కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట ఒకటి.

మీరు చూస్తున్న ఆ రెండెకరాలు ఖాళీగా ఉన్నాయా? చాలాచోట్ల ఎవరో కౌలుకు చేస్తుంటారు. పట్టాదారు పట్నంలో ఉంటాడు, అమ్మకం మాట కౌలు రైతుకు చివర్లో తెలుస్తుంది. మీరు కొన్న మర్నాడు కంచె పడుతుంది, గేటు పడుతుంది. ఆయన పశువులు మేసే గట్టు పోతుంది. మీరు నెలకో ఆదివారం వస్తారు, మిగతా ఇరవై తొమ్మిది రోజులు భూమి బీడు. పర్మాకల్చర్‌కి మూడు నీతులంటారు. భూమిని కాపాడటం, మనుషుల్ని కాపాడటం, మిగిలింది పంచుకోవడం. కోర్సు మొదట్లోనే చెప్తారు. రెండోదాన్ని మర్చిపోయి, మొదటిదాన్ని డ్రిప్పు పైపులతో పూర్తి చేశామనుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఎక్కువవుతున్నారు.

కొనొద్దని అనడం లేదు. నేనూ కొన్నవాణ్నే. కాకపోతే బేరం తేలకముందే ఆ భూమి ఎవరు చేస్తున్నారో కనుక్కుని, వాళ్ల గట్టు మీద కూర్చుని మాట్లాడండి. రేపు ఒక ఎకరం వాళ్లే చేసుకునేలా, మీకు పని నేర్పేలా, మీరు లేనప్పుడు చూసుకునేలా మాట కుదిరితే అంతకన్నా మంచి డిజైన్ లేదు. వానకు నీళ్లు ఎటు పోతాయో తెలిసింది వాళ్లకే. నన్నడిగితే పొలానికి కాపలా కుక్క కన్నా, కంచె కన్నా పక్కింటి చుట్టరికమే గట్టిది.

"అన్నా, నువ్వు చెప్పినట్టు ఏడాది ఆగితే రేటు ఎక్కడికో పోతుంది" అంటారు. పోవచ్చు. కాదనను. కానీ తొందరపడి తప్పు భూమి కొన్నవాడికి పెరిగిన రేటు వల్ల ఒరిగేది అమ్ముకున్నప్పుడే. మీరు అమ్ముకోవడానికి కొంటే అది వేరే వ్యాపారం, దానికి ఈ కోర్సు అక్కర్లేదు. సేద్యం కోసమైతే, ఆ ఏడాది అర ఎకరం కౌలుకు తీసుకోండి, లేదా అమ్మమ్మ ఊళ్లో మామయ్య చేలో ఒక మూల అడగండి. ఒక వానాకాలం కంది, పెసర, నాలుగు రకాల కూరగాయలు వేసి చూడండి. ఉద్యోగం చేసుకుంటూ వారంలో ఎన్ని రోజులు పొలానికి పోగలరో అప్పుడే తేలుతుంది. కొందరికి అక్కడే ఇది మన పని కాదని అర్థమవుతుంది. అది కూడా లాభమే, అప్పు చేయకముందు తెలిసింది కదా.

ఇంకొందరు "కోర్సు చివర్లో డిజైన్ గీయమంటారు, సొంత భూమి లేకపోతే దేనికి గీయాలి?" అంటున్నారు. మంచి ప్రశ్న. మీరు చూసొచ్చిన వాటిలో బాగా నచ్చిన ఒక భూమి కొలతలు, వాలు, నీటి దారి, చెట్లు, బాట రాసుకుని పొండి. ఫొటోలు తీసుకుని పొండి. దాని మీదే డిజైన్ గీయండి. గురువుల ముందు పెట్టి "ఇది కొనొచ్చా?" అని అడగండి. బయానా ఇవ్వకుండా పోతే ఆ ప్రశ్న నిజంగా అడుగుతారు. ఇచ్చి పోతే, అడిగినట్టే ఉంటుంది గాని అవునని చెప్పించుకోవడానికే అడుగుతారు. నేను అప్పుడు కోర్సుకు పోయి ఉన్నా, బయానా ఇచ్చాక పోయి ఉంటే, ఆ మూల గురించి నోరెత్తేవాణ్ని కాదేమో. డబ్బు పోతుందనే భయం ముందు కళ్లనే మూస్తుంది.

అందుకే తమ్ముడూ, రెండు నెలలుంది కదా, ఆ రెండు నెలలూ ఆదివారాలు తిరుగు. ఎనిమిది భూములు చూడు. ఎనిమిది సీసాలు నింపు. ప్రతి ఊళ్లో ఒక ముసలమ్మతో మాట్లాడు. కోర్సుకు పోయిరా. వచ్చాక అదే ఎనిమిది భూములు మళ్లీ చూడు. అప్పటికీ నచ్చిన దాన్ని ఒక్క వాన చూసి, కాగితాలు చూపించి, చేసే మనిషితో మాట్లాడి కొనుక్కో.

మా పొలం చూడాలనుకునేవాళ్లు రావొచ్చు. కాకపోతే ఎండాకాలం సెలవుల్లో కాదు, ముసురు పట్టిన రోజు రండి. కారు మెయిన్ రోడ్డు మీద పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సి ఉంటుంది. ఆ కింది మూల దగ్గర నిలబడి మాట్లాడుకుందాం.