కోడిపిల్లలు చాలు, దాణా మిల్లు ఇవ్వండి

ఆదిలాబాద్ ఏజెన్సీలో కోళ్ల పెంపకం అంటే ప్రభుత్వానికి ఇప్పటికీ పంపిణీ కార్యక్రమమే. షామియానా, గంపల్లో నాలుగు వారాల పిల్లలు, లబ్ధిదారుల జాబితా, చివర్లో ఫొటో. జాతీయ పశుసంపద మిషన్ కింద పేద కుటుంబానికి రెండు విడతల్లో 45 పిల్లల చొప్పున ఇచ్చే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. పిల్లల్లో లోపం లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరట్లో ఏరుకు తిని బతకగలవు, నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. ఇంట్లో పిల్లలకు గుడ్డు, పండక్కి కూర, సంతకు తీసుకెళితే చేతిలో నాలుగు రూపాయలు. అంతవరకు అది మంచి పనే. దానికి ఉపాధి అనీ పరిశ్రమ అనీ పేరు పెట్టి ఏటా లెక్క చూపించడమే తప్పు. కొక్కెర తెగులు ఒకసారి ఊళ్లోకి వచ్చిందంటే ఆ 45లో మిగిలేది గంప ఒక్కటే.

ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో గిరిజన మహిళల సొంత యాజమాన్యంలో వాణిజ్య బ్రాయిలర్ పరిశ్రమ రావాలి. ప్రభుత్వం పెట్టే డబ్బు దాణా మిల్లుకు, పశువైద్యుడి జీతానికి, ధర పడిపోయినప్పుడు ఆదుకునే నిధికి వెళ్లాలి. గోండు మహిళలు ఈ పని ఇప్పటికే చేసి చూపించారు. కాకపోతే మన రాష్ట్రంలో కాదు.

మధ్యప్రదేశ్‌లో ఇటార్సీ పట్టణానికి దగ్గర్లోని కేస్లా బ్లాకులో గోండు, కోర్కు కుటుంబాలు ఎక్కువ. తవా ఆనకట్ట కింద ఊళ్లు మునిగి చెదిరిపోయిన వాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. చెలకలు, వానను నమ్ముకున్న సేద్యం, పంట కాలం దాటితే వలస. 1980లలో అక్కడ పని మొదలుపెట్టిన ‘ప్రదాన్’ అనే స్వచ్ఛంద సంస్థ చేయించిన ఏర్పాటు ఇది: ఇంటి పక్కనే 300 నుంచి 500 కోళ్లు పట్టే చిన్న షెడ్డు, దాన్ని నడిపేది ఆ ఇంటి ఆడమనిషి. పిల్లలు, దాణా, టీకాలు, మందులు సహకార సంఘం తెచ్చి ఇస్తుంది. ఎదిగిన కోళ్లను సంఘమే అమ్ముతుంది. ‘సుఖ్తవా చికెన్’ అని అక్కడి ఊరి పేరుతోనే వాళ్లకొక బ్రాండు కూడా ఏర్పడింది.

అందులో అసలు తెలివంతా లెక్కల్లో ఉంది. సంఘం పిల్లకు, దాణాకు, ఎదిగిన కోడికి ముందే ఒక పుస్తక ధర కడుతుంది. బజారులో కిలో ఎంత పలికినా సభ్యురాలి ఖాతాలో లెక్క ఆ ధర ప్రకారమే. కాబట్టి ఆమె సంపాదన ఆమె పెంపకం మీదే ఆధారపడుతుంది: ఎన్ని పిల్లలు చనిపోయాయి, కిలో బరువుకు ఎంత దాణా తిన్నాయి, ఎన్ని రోజుల్లో ఎదిగాయి. శ్రావణంలో, కార్తీకంలో ధర పడిపోతే ఆ దెబ్బ సంఘం నిధి మీద పడుతుంది. ధర లేచినప్పుడు ఆ నిధి నిండుతుంది. బజారు గాలికి పేద కుటుంబాన్ని నేరుగా వదిలేయకుండా, అలాగని కష్టానికీ ఫలితానికీ సంబంధం తెగిపోకుండా చూసే ఇలాంటి ఏర్పాటు మన సంక్షేమ పథకాల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు.

ఆ బాటలోనే జార్ఖండ్‌లోని గుమ్లా, లోహర్‌దగా ప్రాంతాల ఆదివాసీ మహిళలు కోళ్ల సహకార సంఘాలు, వాటిపై రాష్ట్రస్థాయి సమాఖ్య పెట్టుకున్నారు. ఆ సంఘాలకు చట్టబద్ధమైన ఆధారం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే మనకు సిగ్గు కలగాలి. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సహకార సంఘాల కోసం దేశంలో తొలి చట్టం 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. అదే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్. దాన్ని చూసి 1996లో బిహార్ తన చట్టం చేసుకుంది. బిహార్ విడిపోయాక జార్ఖండ్‌కు దక్కింది అదే. చట్టం హైదరాబాద్‌లో పుట్టింది, కోళ్లు గుమ్లాలో ఎదిగాయి. మన దగ్గర ఈ చట్టం నిష్ఫలం అయిందని కాదు. అదే చట్టం కింద ములుకనూరు ఆడవాళ్లు ‘స్వకృషి’ పేరుతో సొంత డెయిరీ కట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా నడుపుతున్నారు. పాలలో చేతనైన పని కోళ్లలో ఎందుకు చేతకాదో, మైదానంలో చేతనైన పని ఏజెన్సీలో ఎందుకు చేతకాదో ప్రభుత్వమే చెప్పాలి.

కంపెనీలను పిలిస్తే సరిపోదా అనే వాళ్లున్నారు. కోయంబత్తూరు వైపు వేళ్లూనుకున్న కాంట్రాక్టు పద్ధతి 1990ల తర్వాత మన జిల్లాలకూ పాకింది. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కూలి రైతువి. కోడిని ఎత్తుకుపోయాక కిలోకు ఇంత అని పెంపకం ఛార్జీ. న్యాయంగా చెప్పాలంటే ఈ పద్ధతి కూడా రైతును బజారు ధర నుంచి కాపాడుతుంది. మరి కేస్లాతో తేడా ఎక్కడ? ఛార్జీ ఎవరు నిర్ణయిస్తారన్న దగ్గర. బలహీనమైన పిల్ల వచ్చినా, దాణా నాసిగా ఉన్నా, 40 రోజులకు ఎత్తాల్సిన కోడిని వారం ఆలస్యంగా ఎత్తినా, ఆ నష్టం రైతు లెక్కలో ‘ఎక్కువ దాణా వాడకం’ అని నమోదవుతుంది. అడిగితే తర్వాతి బ్యాచ్ రాదు. షెడ్డు మీద బ్యాంకు అప్పు మాత్రం ఉంటుంది. ఈ ఒప్పందాలు తెలుగులో రాసి, పశుసంవర్ధక శాఖ దగ్గర నమోదు చేయించాలన్న చిన్న నిబంధన పెట్టడానికి కూడా ప్రభుత్వం ముందుకు రాకపోవడం విచిత్రం. సంఘంలో సభ్యురాలు అడగగలదు. మిగులు వస్తే ఏడాది చివర వాటా అడుగుతుంది, మేనేజర్ పనిమంతుడు కాకపోతే మార్చమని సభలో లేచి అంటుంది.

ఏజెన్సీలో చట్టం కూడా ఇదే దారి చూపిస్తోంది. 1/70 నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి బదిలీ గిరిజనులకు, లేదా కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు మాత్రమే చెల్లుతుంది. బయటి పెట్టుబడిదారు వచ్చి ఇరవై ఎకరాలు కొని లక్ష కోళ్ల ఫారం పెట్టే వీలు లేదు. దాన్ని అడ్డంకి అనే అధికారులు ఉంటారు. 1970లోనే గిరిజన సహకార సంఘానికి తలుపు తెరిచి పెట్టినా ఇన్నేళ్లుగా అందులోంచి నడిచిన పరిశ్రమలు ఎన్నో వాళ్లు లెక్క చెప్పగలరా?

చిన్న షెడ్డు పెద్ద ఫారంతో పోటీ పడలేదన్నది మరో వాదన. ఇందులో సగమే నిజం. 500 కోళ్లను కంటికి రెప్పలా చూసుకునే ఇంటి మనిషి, కూలీల మీద నడిచే పెద్ద షెడ్డుకు పెంపకంలో తీసిపోదు. ఆమె ఓడిపోయేది దాణా కొనేచోట, కోడి అమ్మేచోట. బ్రాయిలర్ ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే. ఆ దాణాలో ప్రధానమైనవి మక్క, సోయా. తెలంగాణలో సోయా ఎక్కువగా పండే ప్రాంతాల్లో ఉమ్మడి ఆదిలాబాద్ ఒకటి. మక్కకూ కొదవ లేదు. పంట బస్తాల్లో బయటికి పోయి, సంచుల్లో దాణాగా తిరిగి వస్తుంటే రెండు వైపులా కిరాయి, దళారి లాభం పేద కుటుంబం మీదే పడుతున్నాయి.

ఒక అంచనా వేసుకుందాం. వెయ్యి మంది మహిళలు, ఒక్కొక్కరికి 500 కోళ్లు, ఏడాదికి ఆరు బ్యాచ్‌లు అంటే 30 లక్షల కోళ్లు. రెండు కిలోల కోడి ఎదగడానికి సుమారు 3.3 కిలోల దాణా తింటుంది. మొత్తం దాదాపు 9,900 టన్నులు. అందులో సగానికి పైగా మక్క. అంటే ఏటా ఐదారు వేల టన్నుల మక్కకు ఏజెన్సీలోనే కొనుగోలుదారు తయారవుతాడు, అదీ ఇథనాల్ కర్మాగారాలు మక్క కోసం పోటీ పడుతున్న ఈ రోజుల్లో. సోయా సంగతి కొంచెం వేరు. గింజను పచ్చిగా కోళ్లకు పెట్టకూడదు, వేడిచేయాలి లేదా నూనె తీసిన పిండి వాడాలి. మిల్లు పెట్టేటప్పుడు ఈ ఏర్పాటూ ఉండాలి. 2021లో సోయాపిండి ధర ఎంత మండిందంటే, కేంద్రం జన్యుమార్పిడి సోయాపిండి 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది సొంత నిల్వ ఉన్న సంఘమే నిలబడుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటిది వాతావరణం. పిల్ల వచ్చిన మొదటి వారం షెడ్డులో 32 డిగ్రీలకు తగ్గకుండా వేడి ఉండాలి. సిర్పూర్(యు), కెరమెరి వైపు చలికాలం రాత్రుళ్లు ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోతుంది. మే నెలలో అదే ప్రాంతం 44, 45 డిగ్రీలతో కాలిపోతుంది. చలికి పిల్లలు, ఎండకు ఎదిగిన కోళ్లు చనిపోతాయి. హైదరాబాద్ శివారు నమూనా షెడ్డును అంచనాల పట్టికలో అచ్చంగా దింపితే లాభం లేదు. కప్పు ఎత్తు, దాని మీద గడ్డి, చలికాలానికి పరదాలు, కుంపట్లు ఇక్కడి లెక్కలోనే ఉండాలి. కరెంటు పోయే ఊళ్లో బల్బు వేడిని నమ్ముకోకూడదు.

రెండోది రోగం. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చుట్టుపక్కల కోళ్లను చంపాల్సి వచ్చింది. వందల కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్‌లోనూ చికెన్ కొనేవాళ్లు లేకపోయారు. చిన్న షెడ్లు ఊరూరా ఉంటే ఒకచోట పోగుపడిన ముప్పు తగ్గుతుంది, నిజమే. అయితే పెరట్లో నాటుకోళ్లు, పక్కనే ఫారం కోళ్లు ఉన్న ఇంట్లో కొక్కెర తెగులు ఒకదాని నుంచి ఒకదానికి సులభంగా దాటుతుంది. నాటుకోడిని మానేయమని గోండుకు చెప్పడం కుదరదు, చెప్పకూడదు కూడా. దేవుడికి ఇచ్చేదీ, చుట్టానికి వండేదీ ఆ కోడినే. కాబట్టి ఊళ్లోని ప్రతి నాటుకోడికీ సంఘమే టీకా వేయించాలి. ఆ బాధ్యత వారానికోసారి మండల కేంద్రానికి వచ్చే డాక్టర్‌కు అప్పగిస్తే పని జరగదు. సంఘం జీతమిచ్చే పశువైద్యుడు, ఊరికొక శిక్షణ పొందిన యువతి కావాలి.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం: మన రాజకీయం. షెడ్డుకు నూరు శాతం సబ్సిడీ అనగానే కోడి పెంచే ఉద్దేశం లేని వాళ్లకూ షెడ్లు వస్తాయి. తర్వాత వాటిలో ఎరువుల బస్తాలు, మోటార్ సైకిళ్లు ఉంటాయి. షెడ్డుకు కుటుంబం కొంతైనా తన వాటా పెట్టాలి, కూలి రూపంలోనైనా సరే. మిగతాది బ్యాంకు అప్పు, ఐటీడీఏ సాయం. సంఘం మేనేజర్‌ను ఎంపిక చేసేది సభ్యులే కావాలి. పాలకవర్గంలో ఎమ్మెల్యేకు, ప్రాజెక్టు అధికారికి కుర్చీ ఉండకూడదు. ఇందిరా మహిళా శక్తి కింద మహిళా సంఘాలకు కోళ్ల యూనిట్లు ఇస్తామంటున్న ప్రభుత్వం, ఉట్నూరు మేరకైనా ఆ డబ్బును విడివిడి యూనిట్లుగా పంచకుండా ఒక సంఘం మూలధనంగా మార్చాలి.

అమ్మకానికి ఇంద్రవెల్లి, జైనూర్, ఆసిఫాబాద్, మంచిర్యాల బజార్లు చేరువలోనే ఉన్నాయి. పైగా ఏజెన్సీలో పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. ఆశ్రమ పాఠశాలలకు, గురుకులాలకు చికెన్, అంగన్‌వాడీలకు గుడ్లు టెండర్లు వేసి బయటి నుంచి తెప్పిస్తోంది. గుడ్ల ఫారానికి పెట్టుబడి ఎక్కువ, పెట్ట గుడ్డు పెట్టడానికి నాలుగున్నర నెలలు ఆగాలి. అది రెండో దశలో చూడవచ్చు. చికెన్‌కు అంత ఆగాల్సిన పని లేదు. ఆశ్రమ పాఠశాలల చికెన్‌ను టెండర్ లేకుండా సంఘం నుంచే కొనేలా గిరిజన సంక్షేమ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి, ధరను బహిరంగ మార్కెట్‌కు ముడిపెట్టాలి. ఈ సీజన్ మక్క మార్కెట్‌కు రాకముందే దాణా మిల్లుకు ఉట్నూరు లేదా జైనూర్‌లో స్థలం ఖరారు చేయాలి. కొత్త కోడిపిల్లల పంపిణీకి పెట్టిన పద్దును ఆ మిల్లుకు మళ్లించాలి.