కిందపడితే పేలే పిస్టల్‌కు పూచీ ఎవరిది?

2024 అక్టోబరు 1 తెల్లవారుజామున సినీ నటుడు, మాజీ ఎంపీ గోవిందా ముంబయిలోని తన ఇంట్లోనే కాలికి తూటా తగిలి ఆస్పత్రి పాలయ్యారు. ప్రయాణానికి సిద్ధమవుతూ లైసెన్సు ఉన్న రివాల్వర్‌ను భద్రపరుస్తుండగా అది చేజారి పేలిందన్నది ఆయన వివరణ. ఆ ఘటనపై అనుమానాలు వచ్చాయి, ఛలోక్తులూ వచ్చాయి. ట్రిగ్గర్ నొక్కకుండా తుపాకీ పేలుతుందా అన్న అసలు ప్రశ్న మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

పేలుతుంది. గోవిందాది రివాల్వర్ కాబట్టి దాని సంగతి వేరు. పాత సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లలో ఈ ప్రమాదం మరింత గుప్తంగా ఉంటుంది. ఛాంబర్‌లో తూటా ఉన్న పిస్టల్ గొట్టం కొస మీదుగా గచ్చుపై పడిందనుకోండి. పిస్టల్ ఆగిపోతుంది, లోపలి ఫైరింగ్ పిన్ ఆగదు. బస్సుకు సడెన్ బ్రేక్ వేస్తే నిలబడ్డ ప్రయాణికుడు ముందుకు తూలినట్టే, అది తన స్ప్రింగ్‌ను నొక్కుకుంటూ ముందుకు దూసుకుపోయి తూటా ప్రైమర్‌ను తాకవచ్చు. దశాబ్దాల వాడకంలో స్ప్రింగ్ నీరసించి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. ‘సేఫ్టీ వేసే ఉంచాను’ అనే యజమాని భరోసాకు ఇక్కడ విలువ లేదు. పాత నమూనాల్లో ఆ మీట సాధారణంగా హేమర్‌నో, దాన్ని పట్టి ఉంచే కొక్కేన్నో బిగిస్తుంది తప్ప, పిన్ను జోలికి పోదు.

విరుగుడు కొత్తదేమీ కాదు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేవరకూ పిన్నుకు అడ్డంగా నిలిచే చిన్న ఉక్కు ముక్క చాలు. జర్మన్ల వాల్తర్ పీ38లో 1938 నాటికే అది ఉంది. కోల్ట్ 1911 పిస్టల్‌కు ‘సిరీస్ 80’ పేరిట 1983లో చేర్చారు. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారుచేసిన 9 ఎంఎం 1ఏ పిస్టల్‌కు మూలం 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్. యుద్ధకాలంలో కెనడాలో తయారైన ఆ నమూనాలో ఈ అడ్డు లేదు. బెల్జియం తయారీదారులు తర్వాతి హైపవర్‌లకు దాన్ని జోడించారు. దశాబ్దాలుగా మన సైనికుల, పోలీసుల నడుముకు వేలాడింది మాత్రం పాత వంశానికి చెందిన ఆయుధమే.

పౌరుల చేతుల్లోని ఆయుధాల స్థితి మరీ విచిత్రం. 1980ల మధ్యకాలం నుంచి విదేశీ తుపాకుల దిగుమతిని ప్రభుత్వం దాదాపుగా ఆపేసింది. ఫలితంగా అంతకు ముందు వచ్చిన కోల్టులూ, వెబ్లీలూ, బ్రౌనింగులూ మ్యూజియానికి వెళ్లడానికి బదులు అపురూప వస్తువులై, తాత నుంచి మనవడికి లైసెన్సుతో సహా సంక్రమిస్తున్నాయి.

మరి చట్టం ఏం చూస్తోంది? 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు ఒక్కో వ్యక్తికి ఎన్ని తుపాకులు అన్నదే పెద్ద వాదమైంది. ఒకటే అన్న తొలి ప్రతిపాదన, వారసత్వ ఆయుధాలున్న వర్గాల అభ్యంతరాలతో రెండు దగ్గర ఆగింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు. అంటే యంత్రం పాతబడేకొద్దీ ప్రభుత్వం దాని యజమానిని పలకరించే వ్యవధి పెరిగిందన్నమాట! చట్టంలో ప్రూఫ్ టెస్ట్ ఉంది కదా అనవచ్చు. గొట్టం పేలుడు ఒత్తిడిని తట్టుకుంటుందా అన్నదే దాని విషయం, పడితే ఏమవుతుందన్నది కాదు. తుపాకులను ముద్దుచేసే దేశమని మనం వెక్కిరించే అమెరికాలోనే కాలిఫోర్నియా రాష్ట్రం కొత్త పిస్టల్ అమ్మకానికి రావాలంటే మీటరు పైచిలుకు ఎత్తు నుంచి కాంక్రీటుపై పడేసి చూడాలని రెండు దశాబ్దాల క్రితమే నియమం పెట్టింది.

పరీక్షలు సర్వరోగ నివారిణి కావన్నది నిజమే. అమెరికా సైన్యం ఎంచుకున్న సిగ్ పీ320 రకం కొన్ని కోణాల్లో పడితే పేలుతోందని 2017లో బయటపడి, కంపెనీ మార్పులు చేయాల్సి వచ్చింది. కానీ అక్కడ ఎవరో పడేసి చూశారు కాబట్టే లోపం తెలిసింది.

లైసెన్సు పునరుద్ధరణ సమయంలో పోలీసు ఆర్మరర్ చేత పిన్నునూ, స్ప్రింగునూ, సేఫ్టీనీ తనిఖీ చేయించి ధ్రువపత్రం ఇప్పించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిబంధనల్లో ఒక సవరణ చాలు. పిన్ను అడ్డు లేని నమూనాలను ఛాంబర్ ఖాళీగా ఉంచే మోసుకెళ్లాలని లైసెన్సు షరతుల్లో రాయవచ్చు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషన్లలో డిపాజిట్ చేయించడం ఆనవాయితీ. వాటి నంబరును రిజిస్టరులో రాసుకునే చేత్తోనే స్ప్రింగును కూడా పరీక్షించవచ్చు. హోం శాఖ తలచుకుంటే వచ్చే ఎన్నికల నోటిఫికేషన్ నాటికే ఆ పని మొదలవుతుంది.