పరకల కూరకు మస్టరు లేదు

ఈ మధ్య ఒక కాలేజీలో పౌష్టికాహారం మీద పెట్టిన సదస్సుకి వెళ్ళాను. మాట్లాడినాయన పెద్ద చదువులు చదివినవాడు, మంచివాడు కూడా. "చిన్న చేపలు తినండమ్మా, మన అమ్మమ్మలు తిన్న తిండి అది. కాల్షియం, ఇనుము, విటమిన్ ఎ అన్నీ అందులోనే ఉన్నాయి. పైగా చవక" అన్నాడు. హాల్లో ఉన్న ఆడవాళ్ళం అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆ తర్వాతే నా కుడిచేతి బొటనవేలి గోరు వైపు చూసుకున్నాను. చిన్నప్పుడు జెల్ల ముల్లు దిగిన చోట ఇప్పటికీ ఆ గోరు వంకరగానే పెరుగుతుంది. చవక అన్న ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం.

మాది బసంత్‌నగర్. రామగుండం పోయే రాజీవ్ రహదారి పక్కన, సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు. అమ్మ పుట్టిల్లు అక్కడే కాబట్టి అక్కడే ఉన్నాం గానీ నాయిన పని గోదావరిఖనిలో, బాయి మీద. బొగ్గుగనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఇంట్లో కాలమంతా మస్టర్లతోనే నడిచేది. ఈ నెల ఎన్ని మస్టర్లు పడ్డాయి, ఎన్ని పోయాయి, ఆదివారం ప్లే డే దొరుకుతుందా లేదా, ఇవే మాటలు. ఆదివారం బాయిలోకి దిగితే మామూలు రోజుకన్నా ఎక్కువ కూలి పడేది. అదే ఆదివారం అమ్మ వాకిట్లో పీట వేసుకుని పరకలు గిల్లేది. ఆమె ప్లే డే ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఎక్కడానికి పుస్తకం ఉంటే కదా! భూగర్భ గనుల్లోకి ఆడవాళ్ళను దింపకూడదని 1952 గనుల చట్టం రాసి పెట్టింది, 2019లో గానీ ఆ నిషేధం సడలలేదు. లోపల పని లేదన్నారు, ఇంట్లో చేసింది పని కాదన్నారు.

పరకలంటే తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. చిటికెన వేలంత ఉండే వెండిరంగు పొలుసు చేపలు. కోస్తా వైపు పరిగెలంటారు. వానాకాలం చెరువు మత్తడి దుంకే రోజుల్లో ఒర్రెల్లో ఎదురెక్కి వరిమళ్ళ దాకా వచ్చేవి. నాట్లకు పోయిన ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టి పట్టుకొచ్చేవాళ్ళు. (కింద గోదావరి సముద్రంలో కలిసే యానాం వైపు చీరమేను అని ఇంకా చిన్న చేపపిల్లలు దొరుకుతాయి. చీరలతో వడగట్టి పడతారు కాబట్టి ఆ పేరు అంటారు. నదికి ఆ కొసనా ఈ కొసనా చిన్న చేపకి వల ఆడదాని చీరే.)

కిలో పరకలంటే రెండు మూడు వందల చేపలు. ముందు చాటలో పోసి గడ్డీ, నత్తలూ, చిన్న జెల్లలూ ఏరాలి. దొడ్డుప్పు వేసి గరుకు బండ మీద రుద్దితే పొలుసు ఊడుతుంది. రుద్దడానికి కట్టెల బూడిద కావాలి. మా ఇంటినిండా బొగ్గు బూడిదే, అది పనికిరాదనేది అమ్మ. కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు వెతుక్కుంటూ గిన్నె పట్టుకుని పోవడం నా వంతు. తర్వాత ఒక్కొక్క చేపని పట్టుకుని, మెడ కింద గోరుతో గిల్లి, పొట్ట మీద బొటనవేలితో నొక్కి పేగు తీయాలి. తీయకపోతే పులుసు చేదెక్కుతుంది. రెండు వందల సార్లు గిల్లాలి, రెండు వందల సార్లు నొక్కాలి. పక్కన పిల్లి, పైన కాకి, ఒళ్ళో చంటిపిల్ల. నాలుగు నీళ్ళతో కడిగి, పసుపూ చింతపండూ కలిపిన నీళ్ళతో ఇంకోసారి కడిగితే అప్పటికి చేపలు పొయ్యి దగ్గరికి వస్తాయి. ఇంకా వంట మొదలు కాలేదని గమనించండి.

వంట ఎంతసేపు? మట్టి కంచుడులో నూనె, మెంతులు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కారం, చిక్కటి చింతపులుసు. పులుసు తెర్లినాక పరకలు జారవిడిచి, గంటె పెట్టకుండా కంచుడు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే అయిపోయింది. అరగంట. తినడం పావుగంట. గిల్లడం రెండు గంటలు. తర్వాత రెండు రోజులు చేతికి నీసు వాసన. ఆ చెయ్యి వెనక్కి దాచుకుని బడిలో కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు.

అదే నాలుగు కిలోల బొచ్చె చేప కొనండి. బజార్లో కొట్టే మనిషి ఉంటాడు. పొలుసు గీకి, ముక్కలు కొట్టి కవర్లో వేసి ఇస్తాడు, అతని కూలి అతను తీసుకుంటాడు. ఎవరూ దాన్ని తప్పనరు. పెద్ద చేప ధరలో ఆ శ్రమ కూడా ఉంది. చిన్న చేప ధరలో లేదు. చిన్న చేప చవక కాదు. దాని ధరలో సగం ఇంట్లో ఒక మనిషి గోళ్ళతో కడుతోంది, అంతే. ఆ సగాన్ని లెక్కలోంచి తీసేసి "చవక" అనడం అర్థశాస్త్రం అవుతుందేమో గానీ న్యాయం కాదు.

అలాగని పరకలు మానేద్దామనే మాట నేను అనలేను. ఎందుకంటే మా ఇంట్లో అమ్మ కడుపునిండా చేప తిన్నది పరకలు వండిన రోజునే. పెద్ద చేప ముక్కలుగా వస్తుంది. ముక్కలకు లెక్క ఉంటుంది, లెక్క ఉన్నచోట వరస ఉంటుంది. తలకాయ నాయినకు, నడిమి ముక్కలు అన్నలకు, తోక నాకు, అమ్మకు పులుసు. పరకల కూరలో ముక్కల్లేవు, గంటె ఉంది. గంటెతో తోడితే ఎవరికి ఎన్ని పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేరు. కంచుడు అడుగున కూడా చేపలుంటాయి. ఎంత పితృస్వామ్యమైనా రెండు వందల చేపలకు వరస కట్టలేకపోయింది! తినే దగ్గర ఇంత సమానంగా పంచే కూర చేసే దగ్గర మొత్తం ఒక్కదాని నెత్తినే పడింది. నాకు కోపం తెప్పించేది ఇదే. మంచి తిండి, చెడ్డ పంపకం.

ఇప్పుడు ఆ చేపను పెద్దవాళ్ళు ఏమని పిలిచారో చూద్దాం. చేపల పెంపకం పుస్తకాల్లో పరకలూ వాటి తోటివీ "కలుపు చేపలు". బొచ్చె, రవ్వ, మృగాల పిల్లలను వదిలే ముందు చెరువులో ఉన్న కలుపు చేపలను నిర్మూలించాలని చెబుతారు. మీటరు లోతు నీళ్ళున్న హెక్టారుకు 2500 కిలోల ఇప్ప చెక్క వేస్తే అవి చచ్చి తేలుతాయి. దశాబ్దాలుగా పాఠంలా చెప్పిన పద్ధతి ఇది. మా ప్రాంతంలో 2015లో మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీశారు, 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. వదిలింది పెద్ద జాతులనే. దాన్ని తప్పుపట్టడం లేదు, మత్స్యకారుల కుటుంబాలు దానివల్ల నాలుగు డబ్బులు చూశాయి. కానీ తూకానికి పెరిగేదే చేప, అమ్ముడుపోయేదే చేప, మిగతాది కలుపు అన్న ఆలోచన మాత్రం మారలేదు. కలుపు అంటే ఏమిటి? మనం నాటకుండా, మనని అడగకుండా బతికేది. పొలంలో ఆడకూలీ కలుపు పేరుతో పీకిన ఆకుల్లో సగం సాయంత్రం ఆమె కూరగిన్నెలోకి చేరేవని మనకు తెలియదా? బీదింటి ఆడదానికి తిండి అయిన ప్రతిదానికీ శాస్త్రం కలుపు అని పేరు పెట్టడం కాకతాళీయమేనా?

ఆ శాస్త్రంలోంచే ఒక ఆడమనిషి ఎదురు మాట చెప్పింది. ట్రినిడాడ్‌లో పుట్టిన శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ బంగ్లాదేశ్ పల్లెల్లో చిన్న చేపల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. మోలా అనే చిన్న చేపలో విటమిన్ ఎ ఎంత ఉందో లెక్కగట్టి చూపించింది. పెద్ద చేపలతో పాటే అదే చెరువులో చిన్నవాటినీ పెంచవచ్చు, పెద్దవి అమ్మకానికి, చిన్నవి ఇంటికి అని చెప్పింది. 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. కలుపు అన్నదానికే కిరీటం పెట్టారు. మన అవసరం చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత.

ఆ పరిశోధనల్లో నన్ను నిలబెట్టిన విషయం ఇంకొకటుంది. మోలాలో విటమిన్ ఎ ఎక్కువగా ఉండేది కళ్ళలో, పొట్ట భాగంలో. తలకాయ తీసి పారేస్తే చాలావరకు పోయినట్టే. మా అమ్మ పేగు వరకే గిల్లేది, తలకాయ ఉంచేది. నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో తలకాయలు కనపడితే అన్నం దగ్గర మొహాలు ముడుచుకునేవి. "మా ఇంట్లో ఇట్ల తినరమ్మా" అన్నారు అత్తమ్మ, మెల్లగానే. అప్పటినుంచి రెండు వందల తలకాయలు తుంచడం అదనపు పని అయింది. మర్యాద పెరిగింది, పని పెరిగింది, చేపలో ఉన్నది చెత్తబుట్టలోకి పోయింది. నీసు వాసన అనేది ఒట్టి వాసన కాదని మనలో అద్దె ఇళ్ళ కోసం తిరిగిన వాళ్ళకు తెలుసు. "మీరు నీసు తింటారా?" అన్న ప్రశ్నకు అర్థం కులం. పెళ్ళి తర్వాత ఒక పట్నంలో రెండు ఇళ్ళు ఈ ప్రశ్న దగ్గరే మాకు తలుపు వేశాయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఫిలిప్పీన్స్‌లో బుహి సరస్సులో సినరపన్ అని ఒక చేప ఉంది. చాలా చిన్నది. మనుషులు పట్టుకు తినే చేపల్లో ప్రపంచంలోనే అతి చిన్నవాటిలో ఒకటి. అరటాకులో చుట్టి వండుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడా బయటినుంచి పెద్ద జాతులు తెచ్చి వదిలారు, చిన్న కన్నుల వలలతో అతిగా ఊడ్చారు, అది అంతరించే దాకా వచ్చింది. గోదావరి దగ్గరైనా బుహి దగ్గరైనా చిన్నదాన్ని ముందు తీసిపారేయడం, తర్వాత దాని గొప్పతనం గురించి సభలు పెట్టడం!

మన తప్పు కూడా ఉంది. విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన తరం మాది. వంటింటిని జైలుగా గుర్తుపట్టడం మనకు కావలసిన మొదటి మెలకువ. కానీ ఆ తర్వాత మనలో చాలామందిమి ఏం చేశాం? ఉద్యోగాల్లోకి వచ్చి, పరకలు కొనడం మానేసి, ముక్కలు కొట్టించిన చేప తెచ్చుకుని, ఇంకా చెయ్యి ఖాళీ లేకపోతే వంటమనిషిని పెట్టుకున్నాం. ఆమె గోళ్ళ గురించి ఎప్పుడైనా ఒక్క వ్యాసం రాశామా? దళిత బహుజన స్త్రీలు "మీరు బయటికి రావాలంటున్న ఆ వంటింట్లో పనిచేస్తున్నది మేమే" అన్నప్పుడు నొచ్చుకున్నాం. ఇప్పుడు మళ్ళీ కొందరం "అమ్మమ్మల వంటలు" అంటూ మురిసిపోతూ రాస్తున్నాం. అమ్మమ్మ చేతి కమ్మదనం గురించి పేజీలు, అమ్మమ్మ చేతి గురించి ఒక్క వాక్యం లేదు. తిట్టినా మెచ్చుకున్నా ఆ రెండు గంటలను మాత్రం ఎవరం లెక్కలోకి తీసుకోలేదు.

లెక్కలు ఉన్నాయి, కావాలంటే చూడండి. ప్రభుత్వమే చేసిన కాల వినియోగ సర్వేలో 2019లో ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. అయిదేళ్ళలో మనకు 10 నిమిషాలు తగ్గితే, వాళ్ళకు 9 నిమిషాలు తగ్గింది. మిక్సీలూ గ్యాసు పొయ్యిలూ వచ్చాక కూడా ఇదీ మన వాటా! పరకలు గిల్లే మిషను మాత్రం మా బజారులో నేనింతవరకు చూడలేదు.

నాకు కావలసింది చిన్న చేప పోవడం కాదు, దాని మీద పడ్డ చాకిరీ పంపకం మారడం. పోషకాహారం గురించి చెప్పేవాళ్ళు వంట పద్ధతి చెప్పేముందు గిల్లడం ఎవరు చేయాలో చెప్పాలి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు ఒక పూట అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడుతున్నారు. ఎండబెట్టిన చిన్న చేపల పొడి ఆ పళ్ళెంలోకి ఎందుకు రాకూడదు? వస్తే, శుభ్రం చేసి ఎండబెట్టి దంచే ఆడవాళ్ళకు కూలి కట్టి తేవాలి, టీచరమ్మ, ఆయమ్మల నెత్తిన ఇంకో ఉచిత చాకిరీగా కాదు. మత్స్య సహకార సంఘాల్లో సభ్యత్వం ఎక్కువగా మగవాళ్ళదే. చేప పట్టేవాడికి సంఘం ఉంది, తట్ట ఎత్తుకుని అమ్మేదానికీ, గిల్లేదానికీ అదే హక్కు ఎందుకు లేదు? మహిళా సంఘాలు కొన్నిచోట్ల ఉన్నాయి, చాలవు. ఇక ఇంటి సంగతికి వస్తే, తినేవాళ్ళందరూ పీట వేసుకుని కూర్చోవాలి. అన్నలకీ గోళ్ళుంటాయి.

మొన్న ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు రహదారి పక్కన ఒక అవ్వ తట్టలో పరకలు పోసుకుని కూర్చుంది. బండి దిగిన ఒక పిల్లగాడు ధర అడిగి, "సాపు చేసి ఇస్తవా అవ్వా?" అన్నాడు. చేస్తానంది. ఎంతని అడిగితే, చేపలకు ఎంతో గిల్లుడుకూ అంతే అంది. పిల్లగాడు నవ్వాడు. "చేపల పైసలూ గిల్లుడు పైసలూ ఒక్కటేనా? గింత పనికి గన్ని పైసలా?"

అవ్వ తట్ట మీద ఈగలు తోలుతూ ఒక పరక తీసి అతని అరచేతిలో పెట్టింది. "గింతే పని బిడ్డా. పట్టు, నువ్వొకటి గిల్లి చూపియ్యి."