చివరి కంచము



కొన్ని మాసముల క్రిందట ఒక సోదరి మాకు జాబు వ్రాయుచు, "ప్రొద్దున లేచినది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించు వఱకును పొయ్యి యొద్దనే కాలము గడచిపోవుచుండగా మనకు దైవచింతనకు తీరిక యెక్కడిది?" అని యడిగిరి. వంటయే పూజ యనియు, వడ్డనయే అర్చన యనియు నాలుగు మంచిమాటలు కూర్చి సమాధానము వ్రాసి పెట్టితిమి. అది పంపకమునుపే మా యింట జరిగిన యొక సంగతివలన ఆ కాగితమును చింపివేయవలసి వచ్చినది.

ముందు మా యింటి పద్ధతి చెప్పెదము. మావారు బడిపంతులు. పెందలకడ భోజనము చేసి బడికి పోవలయును. పిల్లలిద్దఱు. అత్తగారికి డెబ్బది రెండేండ్లు. అన్నము దింపి, నేయి వేసి, బెల్లపుముక్కతో దేవునికి నివేదించిన పిదపగాని మా యింట నెవరును ముద్ద యెత్తరు. గ్యాసుపొయ్యి వచ్చినను, మిక్సీ వచ్చినను ఈ నియమము మాత్రము మారలేదు. కంచములో అన్నము పడగానే అత్తగారు దానిని వ్రేలితో తాకి కన్నుల కద్దుకొందురు. ఒకనాడు మేము ఏదో చికాకులో నుండి దోసకాయపప్పులో ఉప్పు రెండుమారులు వేసితిమి. మావారు ఒక్క ముద్దతో పప్పు వదలి మజ్జిగకు తొందరపడిరి. పిల్లలు మొగము ముడిచిరి. అత్తగారు మాత్రము కంచెడన్నము ఆ పప్పుతోనే కలుపుకొని తృప్తిగా తినిరి. మేము సిగ్గుపడి క్షమింపుమనగా, "అన్నానికి వంక పెట్టకూడదమ్మా" అనిరి. అన్నమును నిందింపరాదని తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో నొక వ్రతముగా చెప్పబడియున్నది. మా తండ్రిగారి యొద్ద అది చదువుకొన్న మాకంటె, చదువని అత్తగారే దాని నాచరించుచున్నారని ఆనాడు మురిసిపోతిమి. ఆనాటి పప్పు సంగతి జ్ఞాపక ముంచుకొనుడు. మరల చెప్పెదము.

అత్తగారి పుట్టినిల్లు కోనసీమలో నొక లంకగ్రామము. అందుచేత డొక్కా సీతమ్మగారి కథ ఆమెకు కంఠస్థము. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ యిల్లాలు లంకల గన్నవరమున ఏ వేళ ఎవరు వచ్చినను, కులమేదని యడుగక అన్నము పెట్టినది. ఒకమారు అంతర్వేది స్వామిని చూడవలెనని బయలుదేరి, దారిలో ఆకలిగొన్న బాటసారులు "సీతమ్మగారింటికి పోయిన అన్నము దొరకును" అని చెప్పుకొనుచుండగా విని, పల్లకి వెనుకకు త్రిప్పించినదని చెప్పుదురు. 2024లో ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరే పెట్టినది. పిల్లల కన్నము వడ్డించుటకు ముందు రుచి చూచుట మావారి బడిలో వారి పని గనుక, ఆ పేరు మా యింట దినమున కొకసారియైనను వినబడుచుండును.

ఒక రాత్రి అత్తగారు ఈ కథయే పిల్లలకు చెప్పుచుండిరి. మేము ప్రక్కనే ఉతికిన బట్టలు మడత పెట్టుచుంటిమి. పదేండ్ల మా అమ్మాయి అంతయు విని, "మరి సీతమ్మగారు ఎప్పుడు తినేవారు మామ్మా?" అని యడిగినది.

"అందరూ తిన్నాక తల్లీ."

"నీలాగా మజ్జిగన్నమేనా?"

అత్తగారు నవ్వి ఊరకుండిరి. మా చేతిలోని బట్ట చేతిలోనే నిలిచిపోయినది.

అమ్మాయి పుట్టిన దినములలో "బాలింతవు, ముందు నువ్వు తిను" అని అత్తగారు మాకు వడ్డించి, తాము వెనుక కూర్చుండెడివారు. ఆ బాలింతతనము పదేండ్లు సాగినది! మేము తిని లేచి పిల్లల పనిలోనో, వాకిటి పనిలోనో పడుచుంటిమి. వంటింటిలో అత్తగా రేమి తినుచున్నారో ఒక్కనాడును తిరిగి చూడలేదు. మఱునాడు పని యున్నట్లు నటించి అక్కడనే నిలిచి చూచితిమి. వంకాయకూర గరిటెడు మిగిలియున్నది. దానిని చిన్నగిన్నెలోనికి తీసి, సాయంకాలము పిల్లవాని కని మూతపెట్టిరి. పప్పుగిన్నె యడుగున మజ్జిగ పోసి కడిగి అన్నములో వంపుకొని, మాగాయముక్కతో భోజనము ముగించిరి. ఉప్పెక్కువైన నాడు పప్పు మిగిలినది. అందుచేతనే ఆమె కానాడు పప్పన్నము దొరికినది! మేము వ్రతమనుకొని మురిసినది దానిని చూచియే.

కొంతకాలముగా అత్తగారికి కన్నులు తిరుగుచుండెను. మెట్టెక్కిన ఆయాసము. వయస్సని మేము, వేడి యని ఆమె, సరిపెట్టుకొంటిమి. ఆ వారముననే ఆస్పత్రికి తీసికొని పోతిమి. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 7 గ్రాములున్నది. స్త్రీలకు 12కు తగ్గిన రక్తహీనతయే యనిరి. లేడీడాక్టరుగారు "ఏం తింటారమ్మా?" అని యడుగగా అత్తగారు, "అన్నీ తింటానమ్మా. దేవుడి దయవల్ల మా ఇంట్లో దేనికీ లోటు లేదు" అనిరి. ఆమె అబద్ధము చెప్పలేదు. నిజముగనే అట్లు తలచుచున్నారు. మేము తలవంచుకొని కూర్చుంటిమి.

ఇది మా యింటి దోషము మాత్రమే కాదని తరువాత తెలిసినది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల లోపలి స్త్రీలలో దేశమున నూటికి 57 మంది రక్తహీనత కలవారని తేలినది. దీనికి కారణములు పెక్కు గలవు. చివరి కంచమొక్కటియే యని మేము చెప్పము. కాని ఆ లెక్కలో మా అత్తగారి వయసువారిని చేర్చనే లేదు.

ఇల్లాలు చివరనే తినవలెనని శాస్త్రమున్నదని పెద్దలందురు. మా తండ్రిగారి పుస్తకములు తీసి చూచితిమి. మనుస్మృతిలోని మాటలన్నియు మాకు సమ్మతములు కావు. అయినను ఈ యొక్క సంగతిలో మూడవ అధ్యాయమున నున్నది వేఱు. క్రొత్తగా వచ్చిన కోడండ్రకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటెను ముందే పెట్టవలెనట. అందఱును తినిన పిమ్మట మిగిలినదానిని తినవలసినవారు దంపతులట. దంపతు లనగా ఇద్దఱు గదా! మిగులు భార్య వంతుకే ఎప్పుడు వచ్చెనో, మగవారి వంతు ఎవరు కొట్టివేసిరో! పుస్తకము తెఱచి మావారి ముందు పెట్టితిమి. రెండుమార్లు చదివి మాటాడక లేచిపోయిరి. ఆ రాత్రి తామే కంచములు పెట్టిరి. ఇంటిలో నున్నది అయిదుగురము, వారు ఆఱు పెట్టిరి. బడిలో లెక్కలు చెప్పునది వారే!

అత్తగారు మాత్రము ఒప్పుకొనలేదు. "మీరు కానివ్వండి, నాకేం తొందర" అని గుమ్మము దాటి రాలేదు. బలవంతపెట్టిన కొలదియు బిగిసిరి. తుదకు మేము, "అత్తయ్యగారూ, దేవుడికి నివేదన చేసిన పప్పు, కూర ప్రసాదమే కదా? ప్రసాదం రోజూ వదిలేస్తే దోషం కాదా?" అంటిమి. ఆమె కొంతసేపు మా మొగము చూచి, "పంతులు పెళ్లామనిపించావు" అని నవ్వి వచ్చి పీటమీద కూర్చుండిరి.

ఇప్పుడు మా యింట కూర పొయ్యి దిగగానే అయిదు భాగములగును. తోటకూరయో మునగాకో వారమున నాలుగు దినము లుండును. పప్పులో నిమ్మరసము పిండుదుము. ఆకుకూరలోని యినుము ఒంటికి పట్టుటకు పులుపు తోడ్పడునట. భోజనమైన వెంటనే కాఫీ త్రాగిన నది పట్టదని డాక్టరుగారు చెప్పుటచే కాఫీ గంట వెనుకకు జరిగినది. ఇది మాత్రము అత్తగారికి మిక్కిలి కష్టముగ నున్నది. మాత్రలును వేసికొనుచున్నారు. మూడు మాసములకు హిమోగ్లోబిను పదికి వచ్చినది. మెట్టెక్కి తులసికి నీరు తామే పోయుచున్నారు.

జాబు వ్రాసిన సోదరికి మా విన్నపమిది. దైవచింతనకు తీరిక లేదని మీరు చింతింపకుడు. నివేదన చేసి దేవునికి మ్రొక్కుట ఏనాడును మేము మానలేదు, మానము. అయితే పదేండ్లు దేవునికి మొదటి ముద్ద చూపుచు, చివరి కంచమువైపు చూడకపోతిమి. మీ యింట చివరి కంచము మీదియే కావచ్చును. ఒకమారు గిన్నె యడుగు చూచుకొనుడు.

అత్తగారిప్పుడును అన్నమును కన్నుల కద్దుకొందురు. పిదప ముద్ద కలుపక, "అమ్మాయ్, నీకు ఉందా?" అని యడుగుదురు. ఉన్నదన్న మాటతో ఆమెకు తృప్తి లేదు. మేము గిన్నె వంచి చూపవలయును.